ముందు నవ్వే మనిషి

జోకులు అర్థం కావడం మొదలయ్యాకే మా మావయ్య ఉద్యోగానికి గండం వచ్చింది. అంతకు ముందు ఏళ్ళ తరబడి ఒక్క జోకూ అర్థం కాలేదు. ఉద్యోగం గుండ్రాయిలా ఉండేది.

ఆయన టీవీ స్టూడియోలో నవ్వేవాడు. వినడానికి వెటకారంలా ఉంటుంది గానీ పని అదే. జనాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని తీసే హాస్య సీరియల్ ఒకటుంది. ఆ జనం కూర్చునే మెట్ల వరసల్ని గ్యాలరీ అంటారు. ముందు వరసలో, నడవా పక్కన ఉన్న కుర్చీ మావయ్యది. జోకు పడగానే ఆయన నవ్వాలి. ఆయన్ని విని పక్కవాడు, పక్కవాణ్ణి చూసి వెనకవాడు, అలా పై వరసదాకా నవ్వు ఎక్కిపోతుంది. మొదటి నవ్వుకి ధైర్యం కావాలి. రెండో నవ్వుకి పక్కవాడుంటే చాలు. ఎన్నికల్లోనూ పుస్తకాల సమీక్షల్లోనూ కూడా ఇంతేనని నా అభిప్రాయం, కానీ నన్నెవరూ అడగలేదు.

సీరియల్ పేరు ‘బుర్రలున్న కొంప’. మెదడు మీద పరిశోధన చేసే ముగ్గురు శాస్త్రవేత్తలు ఒకే ఇంట్లో అద్దెకుంటారు. మనిషి మెదడులో ఏ మూల ఏముందో ముగ్గురికీ తెలుసు. వంటింట్లో ఉప్పు డబ్బా ఎక్కడుందో ఒక్కడికీ తెలియదు. వారం వారం ఇదే కథ. ఇలాంటి సీరియళ్ళూ సినిమాలూ నేను చాలా చూశాను. అన్నిట్లోనూ తెలివైనవాడికి బూటు లేసు కట్టుకోవడం రాదు. అది చూసి, లేసు కట్టుకోవడం తప్ప ఇంకేమీ రానివాళ్ళందరూ హాయిగా నిద్రపోతారు. ఆ సీరియల్‌కి అంత ఆదరణ ఎందుకో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు.

మావయ్య అంతకు ముందు అదే భవనంలో లిఫ్టు నడిపేవాడు. పెద్ద ఉద్యోగులకి లిఫ్టు తలుపు మూసుకోగానే ఎందుకో హాస్యం పుడుతుంది. తలుపు తెరుచుకునే లోపు వాళ్ళ జోకుకి నవ్వెయ్యాలి. తెరుచుకున్నాక నవ్వితే వాళ్ళ వీపు చూసి నవ్వినట్టుంటుంది. అందుకని మావయ్య మాటలు వినడం మానేసి గొంతు వినడం నేర్చుకున్నాడు. జోకు వేసేవాడి గొంతు చివర్లో ఒక మెట్టు దిగి ఆగుతుంది. ఆగిన చోట నవ్వాలి. విద్య మొత్తం అంతే.

ఓసారి సీరియల్ డైరెక్టరమ్మ ఆ లిఫ్టులో పైకెళ్తూ ఒక సంగతి గమనించింది. జోకు ఎవరు వేసినా, లిఫ్టాయన నవ్వాకే మిగతావాళ్ళు నవ్వుతున్నారు. ఆ వారమే ఆయన్ని తీసుకెళ్ళి గ్యాలరీలో కూర్చోబెట్టింది. కొన్నాళ్ళకి లిఫ్టు మార్చేశారు, ఎక్కినవాళ్ళే మీట నొక్కుకుని వెళ్ళేలా. కాబట్టి ముందు వరస కుర్చీ పోతే మావయ్యకి వెనక్కి వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. చదువు లేదు, వయసు పైబడింది, చేతిలో ఉన్న ఒకే ఒక విద్య నవ్వడం.

స్టూడియోలో అందరూ ఆయన్ని లిఫ్టు బాబాయ్ అనేవారు. ఆ పరపతితోనే నన్ను మూడో వరసలో వేయించాడు. “పాత పుస్తకాలు ముందేసుకుని లోకాన్ని తిట్టుకునే బదులు, వచ్చి నవ్వరా” అన్నాడు. నవ్వడానికి నేను పనికిరానని మొదటి రోజే తేలిపోయింది. కానీ వరస నిండుగా కనబడాలి కాబట్టి ఉంచారు.

అంతా సవ్యంగా జరిగిపోతుండగా మా అత్తయ్య ఒక ప్రశ్న వేసింది.

అత్తయ్య ఇంట్లో బట్టలు కుడుతుంది. మిషను టీవీకి ఎదురుగా ఉంటుంది. సీరియల్ వచ్చేటప్పుడు చేతులు బట్ట మీద, కళ్ళు తెర మీద, కాళ్ళు మిషను మీద, దేని పని దానిదే. ఆ రోజు టీవీలో మావయ్య నవ్వు వినబడగానే, “ఇక్కడెందుకు నవ్వారు?” అంది.

“జోకేశాడుగా.”

“ఏం జోకు?”

మావయ్య టీవీ వంక చూశాడు. టీవీ అప్పటికే సబ్బు ప్రకటనలోకి వెళ్ళిపోయింది.

“ఏదో మెదడు గురించిలే.”

“మెదడు గురించి ఏంటి?”

“నాకేం తెలుసే? వాడు ఆగాడు, నేను నవ్వాను.”

అత్తయ్య మిషను ఆపింది. మిషను ఆపిందంటే మాట ముదిరినట్టే.

“అంటే ఇన్నేళ్ళనించీ ఊరికే నవ్వుతున్నారా?”

“ఊరికే ఏంటే, జీతానికి.”

“అర్థం కాకుండా నవ్వేవాణ్ణి మా పుట్టింటి వైపు ఏమంటారో తెలుసా?”

“మీ పుట్టింటి వైపు ఎవర్ని ఏమనకుండా వదిలారు గనక!”

“నేను చొక్కా కుడితే అది చొక్కా అని నాకు తెలుసు” అంది అత్తయ్య. “మొత్తం కుట్టేశాక ఎవరో వచ్చి, అబ్బే ఇది లాగూ అంటే నా గతేంటి?”

ఆ పోలిక మావయ్యకి పూర్తిగా అందలేదు గానీ గుచ్చుకుంది. నా వైపు తిరిగి, “నీకు అర్థమవుతాయా ఆ జోకులు?” అని అడిగాడు.

“అవుతాయి. అందుకే నవ్వు రాదు” అన్నాను.

“వీడొకడు” అంది అత్తయ్య, మిషను మళ్ళీ తొక్కుతూ.

సీరియల్లో సైన్సు తప్పులు దొర్లకుండా చూడ్డానికి ఒక కాలేజీ లెక్చరర్ని పెట్టుకున్నారు. అందరూ మాస్టారనేవారు. రచయిత రాసింది చదివి ‘సరే’ అనడం ఆయన పని. ఎప్పుడైనా ‘సరి కాదు’ అంటే, “పర్లేదు మాస్టారూ, కామెడీయేగా” అని భుజం తట్టేవారు. టీ విరామంలో ఆయన ఒక్కడే గోడవార నిలబడి గోడతో తాగుతున్నట్టు టీ తాగేవాడు. మావయ్య వెళ్ళి ఆయన పక్కన చేరాడు.

“మాస్టారూ, ఇందాక ఆ ముగ్గురిలో పొడుగాయన తన ఎలుకకి మతిమరుపొచ్చిందని చెప్పి తలుపు వంక చూశాడు చూడండి. అక్కడ నేను నవ్వాను. ఎందుకు నవ్వానంటారు?”

మాస్టారు కప్పు కింద పెట్టేశాడు. “ఇన్నాళ్ళలో నన్నిక్కడ ఒక మనిషి ప్రశ్న అడగడం ఇదే మొదలు. కూర్చోండి.”

అప్పట్నించి విరామం దొరికితే ఇద్దరూ మెట్ల మీదే. మాస్టారు రెండు పిడికిళ్ళు దగ్గరపెట్టి ఇదీ మెదడు అనేవాడు. బొటనవేలు చూపించి ఇక్కడ భయం, ఇంకాస్త పక్కన జ్ఞాపకం అనేవాడు. మావయ్య తన పిడికిళ్ళు కూడా దగ్గరపెట్టి సరిచూసుకునేవాడు. ఎలుక దారి ఎలా గుర్తుపెట్టుకుంటుందో తెలుసుకున్నాడు. మెదడుని ముట్టుకున్నా మెదడుకి నొప్పి తెలియదని తెలుసుకుని రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. అన్నిటికంటే ఆయనకి నచ్చింది నిద్ర సంగతి. మనం నిద్రపోతుంటే మెదడు పగటి సంగతులన్నీ ఏరుకుని, కావల్సినవి ఉంచుకుని, అక్కర్లేనివాటిని చాలావరకు వదిలేస్తుందట.

“మా ఆవిడ గుడ్డపేలికల మూట విప్పినట్టు” అన్నాడు మావయ్య.

“అచ్చం అంతే” అన్నాడు మాస్టారు. తర్వాత ఆ పోలికని కాలేజీలో కూడా వాడుకున్నాడని విన్నాను.

అర్థం కావడం బాగానే ఉంది గానీ నవ్వు వెనకబడింది. ఇదివరకు పొడుగాయన గొంతు ఆగగానే నవ్వు తయారుగా ఉండేది. ఇప్పుడు గొంతు ఆగాక మావయ్య ఆలోచన మొదలయ్యేది. ముందు కనుబొమలు పైకి లేచేవి, తర్వాత తల కొంచెం పక్కకి వాలేది, ఆ తర్వాత “ఓహో” అని లోపల అనుకుని, అప్పుడు నవ్వేవాడు. గ్యాలరీ కూడా అప్పుడే నవ్వేది. పాపం నటులు అంతసేపూ గాలిలో చెయ్యి ఎత్తి నిలబడేవారు. పొడుగాయన ఓసారి ఆ ఖాళీలో ముక్కు కూడా చీదుకున్నాడు. ఎడిటింగులో ఆ ఖాళీలన్నీ కత్తిరించి లాక్కొచ్చారు కొన్నాళ్ళు. కత్తెరకి అందని రోజు ఒకటి వచ్చింది.

పొడుగాయనకి సీరియల్లో పెళ్ళి మాట ఇచ్చిన అమ్మాయి ఉంది. ఆ పాత్ర వేసే నటికి అన్నేళ్ళలో నెత్తి కొట్టుకోవడం తప్ప వేరే నటన దొరకలేదు. ఈసారి ఆమె పాత్ర ఆ ఇంటితో తెగతెంపులు చేసుకుని వెళ్ళిపోతుంది. ఆమెకి మొదటి ఏడుపు సీను. పొద్దున్నించీ ఎవరితోనూ మాట్లాడకుండా, తిండి కూడా మానేసి, ఏడుపుని పోగు చేసుకుంటూ కూర్చుంది.

సీను ఇది. పొడుగాయన అంతకు ముందే, నిద్రలో మెదడు అక్కర్లేనివన్నీ చెరిపేసుకుంటుందని స్నేహితులకి పాఠం చెప్పి ఉంటాడు. ఆమె వస్తుంది. “నాకిచ్చిన మాట ఏమైంది?” అంటుంది. అతను, “రాత్రి చాలా బాగా నిద్రపట్టింది” అంటాడు. అక్కడ నవ్వు. తర్వాత ఆమె ఇంటి తాళంచెవి బల్ల మీద పెట్టి, “సరే, నేను వెళ్తున్నాను” అంటుంది. అక్కడ నిశ్శబ్దం.

పొడుగాయన నిద్రపట్టిందని చెప్పి ఆగాడు. మావయ్య కనుబొమలు లేచాయి. గ్యాలరీ ఆయన వంక చూస్తూ కూర్చుంది. ఆమె కాసేపు చూసి, ఇక లాభం లేదని తాళంచెవి బల్ల మీద పెట్టింది. “సరే” అంది. కళ్ళలో నీళ్ళు నిజంగానే తిరిగాయి. “నేను వెళ్తున్నాను.”

అప్పుడందింది మావయ్యకి.

అది ఉద్యోగపు నవ్వు కాదు. కడుపులోంచి పొర్లుకుంటూ వచ్చింది. తొడ చరుచుకుని మరీ నవ్వాడు. గ్యాలరీ ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ అందుకుంది. పై వరసలో ఒకాయన ఈల కూడా వేశాడు.

“కట్!” అంది డైరెక్టరమ్మ.

నటి మావయ్య ముందుకొచ్చి నిలబడింది. “నా మొహంలో అంత నవ్వేం కనబడింది బాబాయ్?”

“మీ మొహం కాదమ్మా, నిద్ర! నిద్రలో మీకిచ్చిన మాట కూడా చెరిగిపోయిందన్నమాట! అబ్బ, ఎంత బాగుందో!”

“అది ఎప్పుడో అయిపోయింది!”

“నాకు ఇప్పుడయిందమ్మా.”

రెండోసారి తీసినప్పుడు మావయ్య జేబురుమాలు నోట్లో కుక్కుకున్నాడు. దాంతో జోకు దగ్గర ఎవరూ నవ్వలేదు. ఆమె తాళంచెవి పెడుతుండగా ఆయన భుజాలు ఎగిరాయి. వెనక వరసకి భుజాలు చాలు. మూడోసారి ఆయన్ని బయటికి పంపి తీశారు. గ్యాలరీ పరీక్ష హాల్లా కూర్చుంది. “ఇదేంటి, సంతాప సభా?” అంది డైరెక్టరమ్మ. బంధుత్వం గుర్తొచ్చినట్టుంది, నా వంక ఆశగా చూసింది. నేను ప్రయత్నించాను. అది దగ్గులా వచ్చింది. నన్ను చూసి ఇంకో ఇద్దరు దగ్గారు.

ఆ సాయంత్రం డైరెక్టరమ్మ మావయ్యని తన గదికి పిలిచింది. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

“ఏం జరుగుతోంది బాబాయ్?”

“అర్థమవుతున్నాయి మేడమ్.”

“ఏంటి?”

“జోకులు.”

ఆమె డాక్టరు రిపోర్టు చూసినట్టు ఆయన మొహం చూసింది.

“ఎవరు అర్థం చేసుకోమన్నారు మిమ్మల్ని?”

“మా ఆవిడ అడిగింది మేడమ్.”

“అర్థం చేసుకోడానికి మాస్టార్ని పెట్టుకున్నాం కదా.”

“ఆయన నవ్వడు కదా మేడమ్.”

“అందుకే ఆయన్ని ముందు వరసలో కూర్చోబెట్టలేదు” అంది డైరెక్టరమ్మ. “చూడండి, మీరంటే నాకు గౌరవం. వచ్చే వారం ఇదే సీను మళ్ళీ తీస్తున్నాం. చైర్మన్ గారు చూడ్డానికొస్తున్నారు. పూర్వంలా నవ్వారా, కుర్చీ మీది. లేదంటే మీ పాత నవ్వులన్నీ రికార్డయి మా దగ్గరున్నాయి. ఆ కుర్చీలో ఒక స్పీకరు పెట్టేస్తాను. దానికి ఏదీ అర్థం కాదు.”

మావయ్య ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. అత్తయ్యకి మొదటిసారి భయం వేసింది.

“అయితే అర్థం చేసుకోవడం మానెయ్యండి” అంది.

“ఎలా మానేది?”

“ఎలా మొదలెట్టారో అలాగే.”

“నువ్వేగా మొదలెట్టించావు.”

“ఏదో మిషను దగ్గర కూర్చుని నోరూరుకోక అడిగాను. ఇంట్లో ఆడది అడిగిందని అంత పట్టించుకున్న మగాణ్ణి ఎక్కడా చూళ్ళేదు.”

ఆ వారమంతా మావయ్య మాస్టారుకి ఎదురుపడకుండా తిరిగాడు. పాత విద్య తిరిగి పట్టుకోడానికి ఇంట్లో రేడియో పెట్టుకుని సాధన చేశాడు. వార్తలు చదివే ఆమె గొంతు దిగి ఆగిన చోటల్లా నవ్వాలి. మార్కెట్ ధరల దగ్గర బాగానే నవ్వాడు. మంత్రి పర్యటన దగ్గర చాలా సహజంగా వచ్చింది. వరదల దగ్గర అత్తయ్య లేచి వెళ్ళి రేడియో కట్టేసింది.

రికార్డింగు రోజు చైర్మన్ వచ్చాడు. ఆయన కోసం వేదిక పక్కన మెత్తటి కుర్చీ వేశారు. నటి మళ్ళీ తిండి మానేసింది. రచయిత మాత్రం ధీమాగా ఉన్నాడు, ఎందుకంటే జోకు మార్చేశాడు. నిద్ర జోకు మావయ్యకి అర్థమైపోయింది కాబట్టి, ఎవరికీ అర్థం కానిది ఒకటి రాశాడు. ముందు జాగ్రత్తగా మాస్టారుకి కూడా చూపించలేదు. ఇంత ఆలోచించి రాసిన జోకు ఆ సీరియల్లో ఇంకోటి లేదు.

సీను మొదలైంది. ఆమె వచ్చింది. “నాకిచ్చిన మాట ఏమైంది?”

పొడుగాయన ఆమె వైపు తిరిగాడు. “మాటలు మెదడులో ఎడమ అర్ధగోళంలో ఉంటాయి. నువ్వేమో గురువారం అడుగుతున్నావు.”

గొంతు సరిగ్గా ఒక మెట్టు దిగి ఆగింది. ఇంతకంటే మంచి ఆగడం ఉండదు. మూడో వరసలోంచి నాకు మావయ్య మెడ కనబడుతోంది. మెడ నిక్కింది. నోరు తెరిచాడు. గ్యాలరీ మొత్తం ఊపిరి బిగబట్టి తన నోళ్ళు కూడా తెరిచింది. మావయ్య నోరు మూసేశాడు. తర్వాత బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు.

“మేడమ్, ఇది అర్థం కాలేదు.”

ఆయన పక్కవాడు చెయ్యెత్తాడు. “నాక్కూడా కాలేదండీ.” వాణ్ణి చూసి వెనకవాడు ఎత్తాడు. అలా వరస వరసా చేతులు లేచాయి, నవ్వు ఎక్కినట్టే పైదాకా ఎక్కాయి. నేనూ ఎత్తాను. అంతమందితో కలిసి నేను చేసిన పని అదొక్కటే. పై వరసలో ఈల వేసినాయన లేచి నిలబడి, “మాకు మొదట్నించీ ఏదీ అర్థం కాలేదు సార్, బాగోదని చెప్పలేదు” అన్నాడు. చైర్మన్ చెయ్యి కూడా సగం దాకా లేచింది. ఇది తన సంస్థేనని గుర్తొచ్చి ఆ చేత్తో జుట్టు సర్దుకున్నాడు.

“ఏంటయ్యా దాని భావం?” అన్నాడు రచయితతో.

“అంటే సార్... గురువారం అనేది...” అంటూ రచయిత మాస్టారు వంక చూశాడు.

“నాకు చూపించలేదండీ” అన్నాడు మాస్టారు, చాలా తృప్తిగా.

డైరెక్టరమ్మ అరవలేదు. మెల్లిగా ముందు వరస దగ్గరికొచ్చింది. “బాబాయ్, ఒక్క నవ్వు. దానర్థం తర్వాత కూర్చోబెట్టి చెప్పిస్తాను. ముందు నవ్వెయ్యండి. మీ కుర్చీ కోసమే చెబుతున్నాను.”

మావయ్య ఆమె వంక చూశాడు. కుర్చీ చేతుల మీద తన చేతులు వేసుకున్నాడు. గొంతు సవరించుకుని నవ్వాడు. కావాలనే నవ్వాడు, మనస్ఫూర్తిగా ప్రయత్నించాడు. ఎత్తూ పొడుగూ అన్నీ పాత నవ్వులాగే ఉన్నాయి. కానీ ఎవరూ అందుకోలేదు. చేతులెత్తినవాళ్ళు చేతులెత్తి అలాగే కూర్చుని ఆయన్ని చూశారు.

“చూశారుగా మేడమ్” అన్నాడు. “తెలిసిపోతోంది.”

లేచి, కుర్చీ మీద పడిన జేబురుమాలు తీసుకుని వెళ్ళిపోయాడు. ఆమె అడ్డు పడలేదు. జీతమిచ్చి మనిషి చేత అబద్ధం ఆడించవచ్చు గానీ, దాన్ని జనం నమ్మేలా ఆడించలేమని ఆవిడకీ తెలుసు.

ఇప్పుడు ఆ కుర్చీలో నల్లటి స్పీకరు ఉంది. జారిపోకుండా బెల్టుతో కట్టారు. అందులోంచి మావయ్య పాత నవ్వు ఠంచనుగా వస్తుంది, గ్యాలరీ అందుకుంటుంది. నన్ను కూడా తీసేశారు. కారణం దగ్గు అన్నారు. మావయ్య ఇంట్లో అత్తయ్య కుట్టిన బట్టలకి గుండీలు కుడుతున్నాడు. నిదానం గానీ ఊడవు. చేతిలో పని అయ్యాక గురువారం అంటే ఏమై ఉంటుందా అని ఒక్కోసారి నన్ను అడుగుతాడు. ఏమీ లేదు మావయ్యా, ఉత్త గాలి అంటే ఒప్పుకోడు.

వారానికోసారి మాత్రం జనానికి ఇచ్చే ఉచిత పాసు తీసుకుని రికార్డింగుకి వెళ్తాడు. తోడుగా నేనూ వెళ్తాను. పాసు వాళ్ళని పై వరసలో కూర్చోబెడతారు. పోయిన వారం పొడుగాయన ఏదో అన్నాడు, గొంతు దిగి ఆగింది. కింద ముందు వరసలోంచి మావయ్య పాత నవ్వు గట్టిగా వినబడింది. వరసలన్నీ ఊగిపోయాయి. మావయ్య మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, తల కొంచెం పక్కకి వాల్చి కూర్చున్నాడు. మా పక్కనున్న లావుపాటాయన కళ్ళు తుడుచుకుంటూ, “ఏంటండీ, మీకు నవ్వు రాలేదా?” అని జాలిగా అడిగాడు.

మావయ్య వేదిక మీంచి చూపు తిప్పలేదు.

“ఉండండి” అన్నాడు. “దారిలో ఉంది.”